ద్రావణీయత పట్టిక ముందేసుకుని: లవణాల తయారీ ప్రాజెక్టు డైరీ

అనుకున్నది ఏమిటంటే

చిన్న బల్ల, మామూలు గాజు సామాను. దాని మీద కొన్ని లవణాలను వేర్వేరు పద్ధతుల్లో తయారు చేయాలి. చేసినదాన్ని ఆరబెట్టి తూచి, లెక్క ప్రకారం ఎంత రావాలో, చేతికి ఎంత వచ్చిందో పక్కపక్కన రాసుకోవాలి. తేడా ఎక్కడికి పోయిందో చెప్పగలగాలి. ఈ చివరి ముక్క కోసమే ప్రాజెక్టు మొదలుపెట్టాను.

ఆమ్లం, క్షారం కలిస్తే లవణం, నీరు వస్తాయని అందరం బడిలో చదువుకున్నదే. 1754లోనే ఫ్రెంచి రసాయనవేత్త రుయెల్ తటస్థ లవణం అంటే ఆమ్లానికీ క్షారానికీ కలయిక అని తేల్చిచెప్పాడు. ఆ మాటలో లోపమేమీ లేదు. కాకపోతే పుస్తకం బాణం గుర్తు గీసి, కుడివైపు లవణం పేరు రాసి అక్కడితో ఆగిపోతుంది. బీకరులో ఆ క్షణానికి ఉన్నది లవణం కాదు, నీళ్లలో విడివిడిగా తిరుగుతున్న అయాన్లు. వాటితోపాటు మిగిలిపోయిన ఆమ్లమో క్షారమో కూడా ఉంటుంది. అందులోంచి మనకు కావలసినదాన్ని ఒక్కదాన్నే బయటికి లాగడంలోనే పనంతా ఉంది.

అందుకే సమీకరణాలకన్నా ముందు ద్రావణీయత నియమాలు రాసి గోడకు అంటించాను. సోడియం, పొటాషియం, అమ్మోనియం లవణాలు దాదాపు అన్నీ నీళ్లలో కరుగుతాయి. నైట్రేట్లన్నీ కరుగుతాయి. క్లోరైడ్లలో వెండి, సీసం లాంటి కొన్ని తప్ప మిగతావి కరుగుతాయి. సల్ఫేట్లలో బేరియం, సీసం మొండికేస్తాయి, కాల్షియం కొద్దిగా మాత్రమే కరుగుతుంది. కార్బొనేట్లు చాలావరకు కరగవు, సోడియం, పొటాషియం, అమ్మోనియం కార్బొనేట్లు మాత్రం కరుగుతాయి. ఏ లవణాన్ని ఏ దారిలో చేయాలో ఈ నాలుగైదు వాక్యాలే చెప్పేస్తాయి.

కళ్లద్దాలు, చేతొడుగులు, తెరిచిన కిటికీ ఎప్పుడూ ఉండాల్సిందే. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఇది మళ్లీ ఎక్కడా రాయను.

మైలుతుత్తం

మొదటిది కాపర్ సల్ఫేట్, వాడుకలో మైలుతుత్తం. దీనికి దారి తేలిక. కాపర్ ఆక్సైడు నీళ్లలో కరగదు, కాపర్ సల్ఫేట్ కరుగుతుంది. కాబట్టి ఆక్సైడును కావలసినదానికంటే కొంచెం ఎక్కువే వేసి, ఆమ్లం మొత్తం ఖర్చయ్యాక మిగిలిన పొడిని వడకట్టేస్తే సరి. ఆమ్లం మిగలకూడదు, ఎందుకంటే అది వడపోతలో ఆగదు. పైగా నీరు ఇగిరేకొద్దీ ఇంకా గాఢమవుతుంది.

ఒక మోలార్ (లీటరు ద్రావణానికి ఒక మోల్) సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మిల్లీలీటర్లు తీసుకుని వేడి చేశాను, మరగనివ్వలేదు. నల్లటి ఆక్సైడు పొడి 4.5 గ్రాములు తూచి పెట్టుకుని చిటికెడు చిటికెడుగా వేస్తూ గాజుకడ్డీతో కలుపుతూ వచ్చాను. మొదటి చిటికెలు పడగానే మాయమయ్యాయి, ద్రావణం లేత నీలంగా మారింది. తర్వాత నీలం ముదిరేకొద్దీ పొడి కరగడం మందగించింది. చివరి చిటికెలు అడుగున నల్లగా అలాగే ఉండిపోయాయి. ఎంత కలిపినా కరగని పొడి కాస్త మిగిలిందంటే ఆమ్లం అయిపోయినట్టే. వేడిగా ఉండగానే వడకట్టాలి, లేకపోతే గరాటు కాడలోనే స్ఫటికాలు కట్టి దారి మూసేస్తాయి.

వడకట్టిన నీలం ద్రావణాన్ని పింగాణీ గిన్నెలో పోసి సన్నటి వేడి మీద పెట్టాను. ఎంతవరకు ఇగరనివ్వాలన్నది ఇక్కడ అసలు ప్రశ్న. దానికి పాత పద్ధతే ఉత్తమం. గాజుకడ్డీ కొసను ద్రావణంలో ముంచి పైకెత్తి గాలిలో పట్టుకోవాలి. కొస చల్లారుతుండగా దాని మీద సన్నటి నలుసులు కనిపిస్తే మంట ఆపేయాలి. కనిపించకపోతే ఇంకాసేపు ఉంచాలి. పూర్తిగా ఇగరనిస్తే నీలం స్ఫటికాలకు బదులు తెల్లబారిన పొడి మిగులుతుంది, ఎందుకంటే ఈ స్ఫటికంలో ప్రతి కాపర్ సల్ఫేట్‌కూ ఐదు నీటి అణువులు ఉండాలి.

గిన్నె మీద కాగితం కప్పి కదపకుండా వదిలేశాను. మర్నాటికి అడుగంతా ఏటవాలు పలకల్లాంటి ముదురు నీలం స్ఫటికాలు. ఏ మూల చూసినా లంబకోణం లేదు. ట్రైక్లినిక్ వ్యవస్థకు చెందిన స్ఫటికం కదా, అలాగే ఉంటుంది. పై ద్రావణం వంచేసి, చల్లటి నీళ్లు రెండు చెంచాలు పోసి కడిగి, వడపోత కాగితాల మధ్య అద్ది ఆరబెట్టాను.

తూకం 8.9 గ్రాములు. లెక్క ప్రకారం 12.5 రావాలి. అంటే 71 శాతం.

మిగతా 3.6 గ్రాములు ఎక్కడ? వంచేసిన ద్రావణం 10 మిల్లీలీటర్లు ఉంది. గది ఉష్ణోగ్రత దగ్గర సంతృప్త ద్రావణంలో 100 మిల్లీలీటర్లకు ఈ స్ఫటికాలు దాదాపు 34 గ్రాములు ఉంటాయి కాబట్టి ఆ పదిలోనే 3.4 గ్రాములున్నాయి. మిగిలిన కాస్తా కాగితానికి, గిన్నెకు అంటుకుంది. ఎక్కడా నష్టం లేదు, లవణమంతా ఉంది, నీళ్లు వదలట్లేదంతే. ఆ ద్రావణాన్ని సీసాలో పోసి పేరు రాసి పక్కన పెట్టాను.

చేసింది నిజంగా పంచజలమేనా, అంటే ఐదు నీటి అణువులున్న స్ఫటికమేనా అని ఒక పరీక్ష. పొడి చేసిన స్ఫటికాలు 2.00 గ్రాములు మూసలో వేసి నెమ్మదిగా వేడి చేశాను. మొదట అంచుల్లో, తర్వాత లోపల నీలం పోయి బూడిద తెలుపు వచ్చింది. మూసను చల్లార్చి తూచడం, మళ్లీ వేడి చేయడం, తూకం మారనంత వరకు అలా చేస్తూ పోయాను. చివరికి 1.29 గ్రాములు నిలిచింది. ఐదు నీటి అణువులూ పోతే 1.28 రావాలి. ఆ తెల్లపొడి మీద ఒక్క నీటి చుక్క వేస్తే చుక్క పడ్డమేర నీలం వచ్చి, మూస అడుగు వెచ్చబడింది. నీటిని పోగొట్టడానికి పోసిన వేడిలో కొంత ఇలా తిరిగి వస్తుంది.

సోడియం క్లోరైడు

ఇక్కడ పై దారి పనిచేయదు. సోడియం హైడ్రాక్సైడు కరుగుతుంది, ఆమ్లం కరుగుతుంది, లవణం కరుగుతుంది. ఏది మిగిలినా వడపోతకు దొరకదు. కాబట్టి రెండింట్లో ఏదీ మిగలకుండా చుక్క లెక్కన కలపాలి, అంటే అంశమాపనం.

సోడియం హైడ్రాక్సైడు ద్రావణం 25 మిల్లీలీటర్లు పిపెట్‌తో శంఖాకార కుప్పెలోకి తీసుకుని, క్షారంలో గులాబి రంగు చూపే సూచిక, ఫినాఫ్తలీన్ వేశాను. బ్యూరెట్‌లో ఒక మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం. గులాబి రంగు పోయేసరికి 24.6 మిల్లీలీటర్లు పడింది. రీడింగులు ఒకదానికొకటి సరిపోయాక, సూచిక వేయకుండా అదే పరిమాణంలో రెండూ కలిపాను, లేకపోతే లవణంలో ఫినాఫ్తలీన్ కూడా మిగులుతుంది. నిజం చెప్పాలంటే ఈ ప్రాజెక్టులో ఇంతకంటే విసుగు పని లేదు. రంగు లేని రెండు ద్రవాలు కలిసి రంగు లేని మూడో ద్రవం అవుతుంది, బీకరు కొద్దిగా వెచ్చబడుతుంది, చూడటానికి అంతే.

అయితే తర్వాత ఒక సంగతి ఉంది. మైలుతుత్తాన్ని చల్లార్చి రాబట్టాం. దీన్ని అలా రాబట్టలేం. 100 గ్రాముల నీటిలో సోడియం క్లోరైడు 20 డిగ్రీల దగ్గర 35.9 గ్రాములు కరిగితే, 100 డిగ్రీల దగ్గర కరిగేది 39 గ్రాములే. ఎంత వేడి ద్రావణాన్ని చల్లార్చినా ఆ మూడు గ్రాముల తేడాయే బయటికొస్తుంది. పొటాషియం నైట్రేటు, అదే సురేకారం, 20 డిగ్రీల దగ్గర 31.6 గ్రాములు, 100 దగ్గర 246 గ్రాములు కరుగుతుంది. ఆ రెండూ కలిసి ఉన్న వేడి ద్రావణాన్ని చల్లారిస్తే సురేకారం కుప్పగా దిగుతుంది, సోడియం క్లోరైడు చాలావరకు నీళ్లలోనే ఉండిపోతుంది. ఒక లవణంలోంచి ఇంకో లవణాన్ని విడదీయడానికి రసాయన చర్యే అక్కర్లేదు, ఉష్ణోగ్రత చాలు.

సోడియం క్లోరైడుకు మాత్రం నీటిని ఇగిర్చేయడం ఒక్కటే మార్గం. అది కూడా చివర్లో సన్నటి వేడి మీద చేయాలి. స్ఫటికాల లోపల చిక్కుకున్న కాస్త నీరు ఆవిరై వాటిని పగలగొట్టుకుని వస్తుంది, అప్పుడు గిన్నెలోంచి చిటపటమని నలుసులు ఎగురుతాయి. గిన్నె మీద గరాటు బోర్లించి పెడితే అవి గోడలకే ఆగుతాయి. 1.44 గ్రాములు రావాల్సింది, 1.40 వచ్చింది. భూతద్దంలో చూస్తే చిన్నచిన్న ఘనాలు. 1913లో బ్రాగ్ తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాలతో అమరిక తేల్చిన తొలి స్ఫటికాల్లో ఇదొకటి. సోడియం పక్కన క్లోరిన్, క్లోరిన్ పక్కన సోడియం తప్ప విడిగా సోడియం క్లోరైడు అణువంటూ అందులో లేదని అప్పుడే తేలింది.

బేరియం సల్ఫేట్

ఇది పూర్తిగా వ్యతిరేకం. లవణమే కరగదు.

బేరియం కార్బొనేటు మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే సరిపోదా అని అడగొచ్చు. సరిపోదు. మొదటి క్షణంలో నురగ వస్తుంది, వెంటనే ప్రతి రేణువు చుట్టూ కరగని సల్ఫేట్ పొర కడుతుంది, లోపలి కార్బొనేటుకు ఆమ్లం అందదు, చర్య అక్కడితో చచ్చిపోతుంది. పాలరాయి ముక్క మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసినా ఇదే వరస. కరగని లవణం కావాలంటే రెండు కరిగే లవణాల ద్రావణాలు కలపాలి.

బేరియం క్లోరైడు విషం, కాబట్టి ఇక్కడ చేతొడుగులు ఇంకా జాగ్రత్తగా వేసుకోవాలి. దాని స్ఫటికాలు 2.44 గ్రాములు 100 మిల్లీలీటర్ల నీటిలో కరిగించి వేడి చేశాను. సోడియం సల్ఫేట్ 1.5 గ్రాములు వేరే బీకరులో. సల్ఫేట్ కావాలనే కాస్త ఎక్కువ తీసుకున్నాను, బేరియం అనేది ద్రావణంలో మిగలకూడదు.

రెండు ద్రావణాలూ గాఢంగా, చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారిగా కలిపితే తెల్లటి పాలలా అవుతుంది, అంత సన్నటి రేణువులు వడపోత కాగితం గుండా జారిపోతాయి. ఎక్కువ గాఢతలో ఒకేసారి లెక్కలేనన్ని బీజాలు పుడతాయి, ఏదీ పెరగదు. పలుచటి వేడి ద్రావణంలో, కలుపుతూ, చుక్కలుగా పోస్తే బీజాలు తక్కువ పుడతాయి, ఆ ఉన్నవే పెరుగుతాయి. పోయడం అయ్యాక బీకరును మరగనివ్వకుండా వేడి మీదే చాలాసేపు ఉంచాను. ఈలోగా మరీ చిన్న రేణువులు కరిగి, పెద్దవాటి మీద పేరుకుంటాయి. మొదట మసకగా ఉన్న పై నీరు క్రమంగా తేటపడింది, అవక్షేపం బరువుగా అడుగుకు దిగింది. అప్పుడు వడకడితే ఒక్క రేణువూ దాటలేదు.

ఇక కడగడం. సోడియం క్లోరైడు మొత్తం పోవాలి. ప్రతిసారీ గరాటు కింద పడే నీటిని పరీక్షనాళికలో పట్టి సిల్వర్ నైట్రేటు చుక్క వేశాను. మొదట పెరుగు విరిగినట్టు తెల్లగా కట్టింది, తర్వాత మబ్బుగా, తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే గానీ తెలియనంత పలుచగా. ఏమీ కనిపించని నీరు వచ్చాక ఆపాను.

2.33 గ్రాములకు 2.30 వచ్చింది. మైలుతుత్తం దగ్గర నీళ్లు మింగిన వాటాను ఇక్కడ మింగలేకపోయాయి, ఎందుకంటే లీటరు నీటిలో బేరియం సల్ఫేట్ కరిగేది సుమారు 2.4 మిల్లీగ్రాములే. బేరియం అయాను అంత విషమైనా, ఎక్స్-రేలో జీర్ణనాళం కనిపించడానికి ఈ సల్ఫేట్‌ను రోగికి తాగించగలుగుతున్నది ఈ మొండితనం వల్లే.

పటిక

ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చింది ఇదే. అల్యూమినియం రేకు నుంచి పటిక, అంటే పొటాషియం, అల్యూమినియం సల్ఫేట్లు కలిసిన జంట లవణం.

ఒక గ్రాము రేకును సన్నటి ముక్కలు చేసి, 1.5 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడు 50 మిల్లీలీటర్లలో వేశాను. కాసేపు ఏమీ జరగలేదు. రేకు మీద ఉన్న ఆక్సైడు పొర ముందు కరగాలి. అది కరిగాక బుడగలు మొదలయ్యాయి, ముక్కలు పైకి తేలి గుండ్రంగా తిరిగాయి, ద్రావణం దానంతటదే వేడెక్కింది. ఒక గ్రాముకు 1.3 లీటర్లకు పైగా హైడ్రోజన్ వస్తుంది కాబట్టి మంట దరిదాపుల్లో ఉండకూడదు. బుడగలు ఆగాక నల్లటి మడ్డి మిగిలింది, రేకులో ఉన్న ఇతర లోహాల తాలూకుది. వడకడితే తేట ద్రావణం.

దానిలో 6 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం నెమ్మదిగా పోయడం మొదలుపెట్టగానే తెల్లటి జిగురు ముద్ద కట్టింది, గాజుకడ్డీ నిలబడేంత చిక్కగా. అది అల్యూమినియం హైడ్రాక్సైడు. ఆగకుండా ఇంకా పోస్తూ వేడి చేస్తే ముద్దంతా మళ్లీ కరిగి నీళ్లలా తేటపడింది. క్షారంలో కరిగిన అల్యూమినియం మధ్యలో గడ్డకట్టి, ఆమ్లంలో మళ్లీ కరిగింది. ద్విస్వభావం అనే పాఠం ఒకే బీకరులో ఇలా కళ్లముందు నడుస్తుంది.

ఇప్పుడు ద్రావణంలో పొటాషియం, అల్యూమినియం, సల్ఫేట్ అయాన్లు, మిగులు ఆమ్లం ఉన్నాయి. చల్లారిస్తే పొటాషియం సల్ఫేట్ రావచ్చు, అల్యూమినియం సల్ఫేట్ రావచ్చు. రాలేదు, పటికే వచ్చింది. కారణం మళ్లీ ద్రావణీయతే. చల్లటి నీటిలో ఆ మూడింట్లో తక్కువ కరిగేది పటిక. 50 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీటిలో 36.8 గ్రాములు కరిగే పటిక, 20 దగ్గర 14 గ్రాములకు పడిపోతుంది. ఐసు నీళ్లలో బీకరు పెట్టి గోడను గాజుకడ్డీతో గీకగానే గీసినచోట మెరుపు మొదలై కిందికి రాలింది. నీళ్లు, ఆల్కహాలు సగం సగం కలిపి, చల్లగా కడిగాను, పటిక ఆల్కహాలుకు లొంగదు కాబట్టి కడుగుడులో పోదు.

13.4 గ్రాములు. గ్రాము అల్యూమినియానికి 17.6 రావాలి. ఒక్క గ్రాము రేకు పద్దెనిమిది రెట్ల దాకా బరువు పెరగడం చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు. స్ఫటికంలో దాదాపు సగం బరువు పన్నెండు నీటి అణువులదే.

మోర్ లవణం

ఇనుము, అమ్మోనియం సల్ఫేట్లు కలిసిన జంట లవణమిది, చకచకా అయిపోయింది. నూనె జిడ్డు కడిగిన ఇనుప పీచు 1.4 గ్రాములు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ద్రావణం తయారుచేసి, వేడిగా వడకట్టి, అమ్మోనియం సల్ఫేట్ 3.3 గ్రాములు కలిపి చల్లార్చాను. ఉక్కులో ఉండే సల్ఫైడు వల్ల హైడ్రోజన్ సల్ఫైడు కంపు కాస్త వస్తుంది, కిటికీ దగ్గరే చేయాలి. ఆమ్లం కొంచెం మిగిలి ఉండేలా చూసుకోవాలి, లేకపోతే ఇనుము గాలికి ఆక్సీకరణ చెంది ద్రావణం పసుపుపచ్చ తిరుగుతుంది. లేత ఆకుపచ్చ స్ఫటికాలు 7.6 గ్రాములు, లెక్క 9.8. అన్నభేది సీసాలో ఉంచితే రానురాను గోధుమరంగు తిరుగుతుంది. ఈ జంట లవణం అంత తొందరగా చెడదు, కాబట్టే అంశమాపనాల్లో ఇనుముకు ప్రమాణంగా వాడతారు.

నీళ్లలో వేశాక పటికైనా ఇదైనా తమ అయాన్లన్నింటినీ విడివిడిగా వదిలేస్తాయి. పొటాషియం ఫెర్రోసయనైడు అలా కాదు, అందులో ఇనుము సయనైడుల మధ్య బందీ, మామూలు ఇనుము పరీక్షలకు దొరకదు. జంట లవణానికీ సంక్లిష్ట లవణానికీ తేడా అదే.

లిట్మస్

చేసిన కరిగే లవణాలన్నింటినీ కొంచెం కొంచెం నీళ్లలో కలిపి కాగితాలు ముంచాను. సోడియం క్లోరైడు ఏ రంగునూ మార్చలేదు. మైలుతుత్తం, పటిక, మోర్ లవణం మూడూ నీలి లిట్మస్‌ను ఎర్రబరిచాయి. పోలిక కోసం ముంచిన సోడియం కార్బొనేటు ఎరుపును నీలం చేసింది. లవణమంటే తటస్థం అన్న మాట బలమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసిన చోటే నిలుస్తుంది. అల్యూమినియం, రాగి అయాన్లు చుట్టూ చేరిన నీటి అణువుల నుంచి ప్రోటాన్‌ను వదిలిస్తాయి, కార్బొనేటు నీటి నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది.

ప్రస్తుతం నడుస్తున్నది

పటికలోంచి పెద్ద స్ఫటికం పెంచుతున్నాను. సంతృప్త ద్రావణం, సన్నటి నైలాన్ దారానికి కట్టిన అష్టముఖి బీజం, మూత బదులు కాగితం. బీజంగా వాడింది తెల్ల పటిక కాదు, ఊదారంగు క్రోమ్ పటిక. అల్యూమినియం ఉండాల్సినచోట క్రోమియం ఉన్నా స్ఫటిక రూపం ఒకటే కావడంతో ఊదా గుండె మీద రంగులేని పొర అదే ముఖాలతో పేరుకుంటోంది. ఇలాంటి పోలికలనే 1819లో మిచర్లిష్ సమరూపత నియమంగా చెప్పాడు. ద్రావణం సంతృప్తంగా లేకపోతే బీజమే కరిగిపోతుంది కనుక, వేలాడదీసే ముందు వేరే పటిక ముక్క వేసి అది కరగడం లేదని చూసుకుని మరీ దించాను.

తర్వాతిది గ్లాబర్ లవణం. సోడియం సల్ఫేట్ ద్రావణీయత 32.4 డిగ్రీల దాకా ఎగబాకి, అక్కడి నుంచి వెనక్కి దిగుతుంది. ఆ గీతకు దిగువన పది నీటి అణువులున్న స్ఫటికం వస్తుంది, ఎగువన నీరే లేనిది. ఉష్ణమాపకం సరిచూసుకోనిదే ఈ పని పెట్టుకోకూడదు.

ఈలోగా పక్కన పెట్టిన మైలుతుత్తం ద్రావణం సంగతి. రాగిని తూములో పోయకూడదు. సోడియం కార్బొనేటు ద్రావణం పోస్తే నురగతో పచ్చనీలం క్షార కార్బొనేటు (హైడ్రాక్సైడు కూడా కలిసిన రాగి కార్బొనేటు) దిగింది, పై నీరు రంగు లేకుండా తేలింది. వడకట్టి ఆరబెట్టాను. నీళ్లలో కరగని ఆ పొడి ఆక్సైడు లాగే సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరుగుతుంది, కాబట్టి ఈసారి మైలుతుత్తం తయారీకి ముడిసరుకు సిద్ధం. దాన్ని చిన్న సీసాలో వేసి, తూకం, తేదీ రాసి అరలో పెట్టాను.